అరుగు నంబర్ 242

మీ ఫోన్‌లో సేవ్ చేసుకున్న రీల్స్ ఒకసారి తెరిచి చూడండి. వంటలూ మీమ్సూ పక్కన పెడితే కనీసం పదైనా ఇళ్ళవి ఉంటాయి. తెల్లటి గోడలు, నేల నుంచి సీలింగ్ దాకా ఒకే అద్దం, బూడిదరంగు సోఫా, మూల ఒక పొడుగాటి మొక్క. ఎప్పటికైనా ఇలాంటి ఇల్లు కట్టుకోవాలి అనుకుని సేవ్ నొక్కేస్తాం. నా దగ్గరైతే అలాంటివి వందకి పైనే ఉన్నాయి. వాటిని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఒక ఇండిపెండెంట్ హౌస్ గురించి ఆలోచించేటప్పుడు ఐడియాలు ఎక్కడెక్కడ దొరుకుతాయి, దొరికిన ఐడియా మనకి పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి అన్నదే ఇక్కడ విషయం.

నాకు ఇది ఉత్త సరదా టాపిక్ కాదు. మాది అనకాపల్లి పక్కనే ఉన్న తుమ్మపాల. షుగర్ ఫ్యాక్టరీ ఊరంటే చాలామందికి తెలుస్తుంది. ఈ సంక్రాంతి వెళ్ళాక మా పెంకుటిల్లు తీసేసి అదే స్థలంలో కొత్త ఇల్లు కడుతున్నారు. స్థలం ఐదు సెంట్లు, అంటే 242 గజాలు. వీధి వైపు వెడల్పు 33 అడుగులు, లోపలికి 66 అడుగులు, తూర్పు ముఖం. సీఎస్‌ఈ చదివితే కంప్యూటర్‌తో చేసే పనులన్నీ వచ్చేస్తాయని మా నాన్నగారి నమ్మకం. కాబట్టి ప్లాన్ గీసే పని నా మీద పడింది.

ఆ పని కోసం చదివినవి, కొలిచినవి, ఇంట్లో వాళ్ళని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. మీలో సగం మంది ఇళ్ళలో వచ్చే పదేళ్ళలో ఇదే పని ఉంటుంది కదా.

ఆ అద్దం ఏ ఊరిది?

మనం సేవ్ చేసుకునే ఫోటోల్లో చాలావాటికి 'స్కాండినేవియన్' అని పేరుంటుంది. స్వీడన్, డెన్మార్క్, నార్వే వైపు స్టైల్ అన్నమాట. స్టాక్‌హోమ్ సుమారు 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ 21న అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తుకి వస్తాడో స్కూల్ లెక్కతోనే తేల్చొచ్చు. 90 లోంచి అక్షాంశం తీసేసి, ఇంకో 23.4 తీసేస్తే సరి. వచ్చేది 7 డిగ్రీలు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా సూర్యుడు ఎదురింటి కప్పు దాటి పైకి రాడు. అలాంటి ఊళ్ళో గోడంత అద్దం పెట్టి, లోపలంతా తెల్ల రంగు వేసుకుంటే ఆ కాస్త వెలుతురూ గది మూలల దాకా వెళ్తుంది. వాళ్ళకది అవసరం.

అదే లెక్క మన దగ్గర వేద్దాం. అనకాపల్లి అక్షాంశం సుమారు 17.7. డిసెంబర్ 21న కూడా మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిలబడితే మన నీడ మన కాళ్ళ కిందే ఉండిపోతుంది.

దీన్నిబట్టి కిటికీల సంగతి తేలిపోతుంది. దక్షిణం వైపు నాలుగడుగుల ఎత్తు కిటికీ, దాని పైన రెండడుగుల సన్‌షేడ్ ఉందనుకోండి. డిసెంబర్ మధ్యాహ్నం ఆ సన్‌షేడ్ నీడ కిటికీ మీద 2.3 అడుగులు పడుతుంది. కింద సగం నుంచి చలికాలపు ఎండ లోపలికొస్తుంది, హాయిగా ఉంటుంది. మార్చి 21కి సూర్యుడు 72 డిగ్రీలకి వెళ్ళిపోతాడు, అదే రెండడుగుల సన్‌షేడ్ కిటికీ మొత్తాన్ని కప్పేస్తుంది. అంటే దక్షిణం కిటికీకి మామూలు సన్‌షేడ్ చాలు.

పడమర కిటికీ అలా కాదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సుమారు 33 డిగ్రీల ఎత్తులో, దాదాపు ఎదురుగా ఉంటాడు. రెండడుగుల సన్‌షేడ్ అప్పుడు 1.3 అడుగుల నీడే ఇస్తుంది. నాలుగడుగుల కిటికీ మొత్తం నీడలో ఉండాలంటే పైన ఆరడుగుల చూరు కావాలి. ఈ ఆరడుగులు అనే నంబర్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా బాబాయి వాట్సాప్‌లో ఒక ప్లాన్ పంపించారు. ఎలివేషన్ చాలా బావుంది. మేస్త్రీల భాషలో ఎలివేషన్ అంటే ఇంటి ముందు వైపు ఎలా కనబడుతుందో అది. ఆ ప్లాన్‌లో ముందంతా కార్ పోర్టికో, వెనక పడమర వైపు పెద్ద బెడ్‌రూమ్, దానికి గోడంత గ్లాస్. పై లెక్క చూపిస్తే నాన్నగారు ఒకటే అడిగారు: "అయితే ఏసీ ఎన్ని టన్నులు పెట్టాలి?" ఆ గ్లాస్ పెట్టుకున్నందుకు ప్రతి ఏప్రిల్, మే కరెంట్ బిల్లు కడుతూ ఉండాలన్నమాట.

పెంకుటింటిని కోడ్‌లా చదివితే

వేరేవాళ్ళు రాసిన పాత ప్రోగ్రామ్ మన చేతికొస్తే ఏం చేస్తాం? ఈ లైన్ ఎందుకుందో తెలియకుండా డిలీట్ చెయ్యం. ఒక్కో లైన్ తీసి చూసి, ఏం విరిగిపోతుందో కనుక్కుంటాం. కూలగొట్టబోయే ఇంటికి కూడా ముందు ఆ పని చేయాలనిపించింది. టేపు, నోట్‌బుక్ పట్టుకుని రెండు రోజులు మా ఇల్లంతా తిరిగాను.

చూరు చాలా కిందకి దిగి ఉంటుంది. నాన్నగారు వంగి లోపలికి రావాలి. వాన జల్లు గోడకి తగలకుండా, ఏటవాలు ఎండ లోపలికి రాకుండా అది కాపలా. పైన మధ్యలో కప్పు చాలా ఎత్తు. వేడి గాలి పైకి పోతుంది, పెంకుల సందుల్లోంచి బయటపడుతుంది. పెంకు పలచన కాబట్టి ఎండ తగ్గగానే చల్లారిపోతుంది. స్లాబ్ అలా కాదు, ఐదంగుళాల కాంక్రీట్ మధ్యాహ్నమంతా వేడిని దాచుకుని రాత్రి మన మీద వదులుతుంది. రాత్రి పదింటికి పై అంతస్తులో ఫ్యాన్ వేస్తే వేడి గాలి రావడానికి కారణం ఇదే.

వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ మధ్య ఒకే గీత. వీధిలో నిలబడితే పెరట్లో మునగచెట్టు కనబడుతుంది. ఇది చూడ్డానికే కాదు, గాలికి కూడా దారి. మన తీరంలో ఎండ కంటే ఉక్కపోత పెద్ద సమస్య, చెమట ఆరాలంటే గాలి కదలాలి. గోడల్లో గూళ్ళు ఉన్నాయి: దీపానికొకటి, అగ్గిపెట్టెకొకటి, నానమ్మ మందులకొకటి. మందపాటి గోడలోనే అల్మరా అన్నమాట. వేరే ఫర్నిచర్ అక్కర్లేదు.

ఇంకో విషయం మన జిల్లావాళ్ళకి నచ్చుతుంది. సిమెంట్ రాకముందు మంచి కట్టడాలకి గానుగ సున్నం వాడేవారు. సున్నం, ఇసుక ఎద్దుల గానుగలో నూరి, అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. బెల్లంలో ఉన్న చక్కెర వల్ల సున్నం నీటిలో మరింత కరుగుతుంది, పూత నెమ్మదిగా గట్టిపడుతుంది. అదే చక్కెర సిమెంట్‌లో కొంచెం కలిసినా సిమెంట్ గట్టిపడడం బాగా ఆలస్యమైపోతుంది. సివిల్ బ్రాంచి ఫ్రెండ్స్‌ని అడగండి, చెప్తారు. దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్ పక్కన పెరిగి కూడా, బెల్లం గోడలోకి కూడా వెళ్ళేదని నాకు మొన్నటిదాకా తెలీదు.

ఒకే భాష, వేర్వేరు ఇళ్ళు

మా ఇంటి లాజిక్ తెలుసుకున్నాక, మిగతా తెలుగు ఊళ్ళలో ఎలా ఉందో చూశాను. అక్కడ కూడా ప్రతి రూపానికీ ఒక కారణం దొరికింది.

మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు ఉండేవి, కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. గుండ్రటి మట్టి గోడ, నేలకి దగ్గరదాకా దిగే తాటాకు కప్పు. తుఫాను గాలికి చదునైన గోడ ఎదురు నిలబడితే దెబ్బంతా దాని మీదే పడుతుంది. గుండ్రటి గోడ చుట్టూ గాలి జారిపోతుంది. ఏరోడైనమిక్స్ చదవకుండానే మన మత్స్యకారుల పల్లెల్లో ఈ ఆకారానికి వచ్చారు.

గోదావరి, కృష్ణా వైపు మండువా లోగిలి. నాలుగు వైపులా వసారాలు, నాలుగు కప్పులూ లోపలికి వాలి, మధ్యలో ఆకాశం కనబడే ఖాళీ. వాన నీళ్ళు మధ్యలో పడి బయటికి పోతాయి. వేడి గాలి అక్కడినుంచే పైకి వెళ్తుంది, వీధి వైపు నుంచి చల్లటి గాలి లోపలికొస్తుంది. దీన్నే ఇంజనీర్లు స్టాక్ ఎఫెక్ట్ అంటారు.

రాయలసీమకి వెళ్తే మందపాటి రాతి గోడలు, మట్టి మిద్దెలు, చిన్న కిటికీలు. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, పగటి వేడి గోడలోనే ఆగిపోయి లోపల చల్లగా ఉంటుంది. అదే ఇల్లు తెచ్చి కాకినాడలో కడితే ఉక్కతో ఉడికిపోతాం. అంటే 'ట్రెడిషనల్ ఇల్లు' అనే ఒకే ఒక్క వస్తువు తెలుగు నేల మీద కూడా లేదు. కడప మిద్దెని అనకాపల్లిలో దించినా, స్టాక్‌హోమ్ అద్దాన్ని దించినా ప్రాబ్లం ఒక్కటే.

లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ గురించి విని ఉంటారు. ఇంగ్లండ్‌లో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో చనిపోయేదాకా తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టాడు. ఇల్లు కట్టే సామాను ఐదు మైళ్ళ లోపే దొరకాలని గాంధీజీ చెప్పిన మాట తన మీద బాగా పనిచేసిందని ఆయన చెప్పుకునేవాడు. ఇటుకలని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, లోపల ఖాళీ వదిలి కట్టే 'ర్యాట్ ట్రాప్ బాండ్' గోడని ఆయన బాగా వాడాడు. సుమారు నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, లోపలున్న గాలి వేడిని కూడా కొంత ఆపుతుంది. మా మేస్త్రిగారికి యూట్యూబ్‌లో చూపిస్తే, "ఇది తెలుసమ్మా, కానీ కరెంట్ పైపులు ముందే ఆలోచించుకోవాలి, తర్వాత కొడతానంటే కుదరదు" అన్నారు. కరెక్టే.

మన సిలబస్‌లో ఇల్లు ఎక్కడుంది?

ఇక్కడ మన బ్రాంచివాళ్ళకి ఒక సర్‌ప్రైజ్. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో డిజైన్ ప్యాటర్న్స్ బట్టీ పడతాం కదా, సింగిల్‌టన్, ఫ్యాక్టరీ, అబ్జర్వర్. నలుగురు రచయితలు 1994లో 23 ప్యాటర్న్స్‌తో పుస్తకం రాశారని వైవాలో చెప్తాం. ఆ 'ప్యాటర్న్' అనే ఆలోచన వాళ్ళకి వచ్చింది ఇళ్ళు కట్టే మనిషి దగ్గర్నుంచి.

ఆయన పేరు క్రిస్టఫర్ అలెగ్జాండర్. వియన్నాలో 1936లో పుట్టాడు, కేంబ్రిడ్జిలో గణితం, ఆర్కిటెక్చర్ రెండూ చదివాడు, బర్క్‌లీలో పాఠాలు చెప్పాడు, 2022లో చనిపోయాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు గుజరాత్‌లో ఒక పల్లెలో కొన్ని నెలలు ఉన్నాడు. 1964లో వచ్చిన తన పుస్తకంలో ఒక భారతీయ గ్రామానికి కావలసినవి 141 లెక్కగట్టి, వాటిని గుంపులుగా విడగొట్టి చూపించాడు. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్స్, మాడ్యూల్స్.

తర్వాత 1977లో తన టీమ్‌తో కలిసి 'ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్' తెచ్చాడు. అందులో 253 ప్యాటర్న్స్, ఊరు దగ్గర మొదలై గోడ మీద బొమ్మ దాకా. ఒక్కోదానికి ఒక నంబర్, ఒక సమస్య, దాని మీద చర్చ, చివర 'కాబట్టి ఇలా చేయండి' అని పరిష్కారం. మామూలు మనుషులు తమ ఇల్లు తామే డిజైన్ చేసుకోగలగాలి అన్నది వాళ్ళ ఉద్దేశం. పదేళ్ళ తర్వాత, 1987లో, కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్లు ఇదే పద్ధతిని కోడ్‌కి తెచ్చారు. ఆ కన్నింగ్‌హామే 1995లో ప్రోగ్రామింగ్ ప్యాటర్న్స్ పంచుకోవడానికి మొదటి వికీ తయారుచేశాడు. మనం అసైన్‌మెంట్లకి వాడే వికీపీడియాకి అది తాత లాంటిది.

ఆ పుస్తకంలో నాకు పనికొచ్చినవి కొన్ని చెప్తాను. 159: ప్రతి గదికీ కనీసం రెండు వైపుల నుంచి వెలుతురు ఉండాలి, ఒకవైపే వెలుతురున్న గదిలో మనుషులు ఎక్కువసేపు ఉండలేరు. 167: బాల్కనీగానీ వరండాగానీ ఆరడుగుల లోతు లేకపోతే దాన్ని ఎవరూ వాడరు, ఎందుకంటే నలుగురు ఎదురెదురుగా కూర్చుని మధ్యలో టీ కప్పులు పెట్టుకోవడానికి చోటుండదు. చూశారా, ఎండ లెక్కలో వచ్చిన ఆరడుగులే ఇక్కడ మనుషుల లెక్కలో కూడా వచ్చింది. మా పాత వసారా కొలిస్తే ఆరడుగుల రెండంగుళాలు.

ఇక 242: వీధి గుమ్మం పక్కన బెంచీ. ముఖ్యంగా పెద్దవాళ్ళకి, వీధిలోకి వెళ్ళకుండానే వీధిని చూస్తూ కూర్చునే చోటు. అంటే మన అరుగు! పేజీ తిప్పి నంబర్ చూసి నవ్వొచ్చింది. మా స్థలం 242 గజాలు, అరుగు నంబర్ 242.

నానమ్మ టైమ్‌టేబుల్

ఇల్లు ఎలా ఉండాలి అని ఇంట్లో అడిగితే అందరూ ఫోటోలే చెప్తారు. అందుకని ప్రశ్న మార్చాను. రోజూ ఏ టైంలో ఎక్కడ కూర్చుంటారు, ఏం చేస్తారు అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను. అమ్మ చెప్పింది: వంటింట్లోంచి వీధి గుమ్మం కనబడాలి, ఎవరొచ్చారో చూడ్డానికి ప్రతిసారీ స్టవ్ వదిలి రాలేను. నాన్నగారు: వానాకాలంలో బట్టలు ఆరేసే చోటు, కారుకి చోటు. కారు ఇంకా కొనలేదు, అది వేరే విషయం.

నానమ్మ లిస్టు ఇలా వచ్చింది. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా పెరట్లో. పదకొండు నుంచి మూడు దాకా నట్టింట్లో గచ్చు మీద. నాలుగున్నర నుంచి దీపాలు పెట్టేదాకా అరుగు మీద. రాసుకున్న కాగితం చూస్తుంటే విషయం తట్టింది. మాది తూర్పు ముఖం ఇల్లు. పొద్దున్న ఇంటి నీడ పడమర వైపు, అంటే పెరట్లో పడుతుంది. సాయంత్రం తూర్పు వైపు, అంటే అరుగు మీద పడుతుంది. నానమ్మ యాభై ఏళ్ళుగా ఇంటి నీడతో పాటే తిరుగుతోంది. అడిగితే, "నీడున్న కాడ కూకుంటారు గానీ ఎండలో కూకుంటారేటే?" అంది.

తాతయ్య పోయాక ఆ అరుగే నానమ్మకి లోకం. కూరగాయలమ్మి అక్కడే బుట్ట దించుతుంది. పక్కింటావిడ అక్కడే కూర్చుని చాటలో బియ్యం చూసుకుంటుంది. ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలందరూ నానమ్మకి తెలుసు. మోకాళ్ళ నొప్పులతో వీధిలోకి నడిచి వెళ్ళలేదు కాబట్టి వీధే నానమ్మ దగ్గరికి వస్తుంది. బాబాయి పంపిన ప్లాన్‌లో ముందంతా పోర్టికో, దానికి పెద్ద గేటు. నానమ్మకి 'అటాచ్డ్ బాత్రూమ్‌తో గ్రౌండ్ ఫ్లోర్ బెడ్‌రూమ్' ఇచ్చారు. మంచి గదే. కానీ సాయంత్రం నాలుగున్నరకి ఆ గదిలో ఉండేది నానమ్మా, టీవీ.

స్లాబ్ ఎందుకు కావాలంటున్నారు

అలాగని పెంకుటిల్లే ఉంచేద్దాం అనడం నా వాదన కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. రాత్రంతా మంచం కింద పడుకున్నాం. నాన్నగారు స్లాబ్ అంటున్నది ఆ రాత్రి వల్ల, ఎలివేషన్ వల్ల కాదు. అదీకాక కోతులు పెంకులు పగలగొడతాయి, ఏటా పెంకులు సర్దేవాళ్ళు దొరకట్లేదు, తేళ్ళు, చెదలు. పాత ఇళ్ళ గురించి ముచ్చటగా రాసేవాళ్ళు ఒక వర్షాకాలం అందులో ఉంటే తెలుస్తుంది.

కాబట్టి స్లాబ్ ఖాయం. పాత ఇంట్లోంచి రూపం కాదు, పనులు తీసుకున్నాం. ఆఖరికి కుదిరిన ప్లాన్ ఇది. 33 అడుగుల వెడల్పులో ఉత్తరం వైపు 10 అడుగులు కారుకి, పొడుగునా. దక్షిణం వైపు 3 అడుగుల సందు. మధ్యలో 20 అడుగుల వెడల్పు ఇల్లు. దీంతో గదులకి ఉత్తరం, దక్షిణం రెండు వైపులా కిటికీలు వచ్చాయి. ముందు ఆరడుగుల వసారా, అందులో గోడకి ఆనించి ఒకటిన్నర అడుగుల ఎత్తు అరుగు. వెనక పడమర వైపు ఇంకో ఆరడుగుల వసారా. అది నాలుగింటి ఎండనీ ఆపుతుంది, వానాకాలంలో బట్టలూ ఆరతాయి. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే గీతలో. మెట్ల గది పైన వెంటిలేటర్లు, అది మా చిన్న మండువా. స్లాబ్ పైన తెల్ల టైల్స్. తెల్లటి కప్పు ఎండని వెనక్కి పంపేస్తుంది కాబట్టే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది.

ఊరికే రాలేదు ఇదంతా. నా గది పన్నెండడుగుల నుంచి పదికి తగ్గింది. హాలు చిన్నదైంది. గ్లాస్ ఎలివేషన్ పోయింది, బాబాయి కొంచెం ఫీలయ్యారు. నాన్నగారు మూడు రోజులు ఆలోచించి, "కారు కొనేదాకా ఆ పదడుగుల్లో మీ నానమ్మ కనకాంబరాలు వేసుకుంటాది" అన్నారు. మా ఇంట్లో ఒప్పుకోవడం అంటే అదే.

లోపల ఏం పెట్టాలి?

ఇంటీరియర్స్ అనగానే పీఓపీ సీలింగ్, వుడ్ వర్క్, ఎల్‌ఈడీ స్ట్రిప్ లైట్లు గుర్తొస్తాయి. అలెగ్జాండర్ పుస్తకంలో ఆఖరి ప్యాటర్న్, 253, దీని గురించే. డెకరేషన్ ఫ్యాషన్ చూసి కొనేవాటితో కాదు, మన జీవితంలోంచి వచ్చిన వస్తువులతో గది నింపుకోమంటుంది. 'ది సిమ్స్' గేమ్ ఆడినవాళ్ళకి ఇంకో విషయం: దాన్ని తయారుచేసిన విల్ రైట్‌కి ఈ పుస్తకం ఒక ప్రేరణ. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కార్చిచ్చులో ఆయన ఇల్లు కాలిపోయింది. మళ్ళీ ఒక్కో వస్తువూ కొనుక్కుంటూ, దేనికి ఏది నిజంగా అవసరం అని ఆలోచించడం కూడా ఆ గేమ్‌లోకి వచ్చింది.

మా కొత్త హాల్లో పాత ద్వారబంధం ఉంటుంది, కాస్త గీకి నూనె పట్టిస్తే చాలు. తాతయ్య ఫ్యాక్టరీకి తీసుకెళ్ళిన ఇత్తడి క్యారేజీ ఒక గూట్లో. తలుపు పిడులు, కొక్కేలు మన జిల్లాలోనే ఉన్న ఏటికొప్పాక నుంచి తేవాలని ప్లాన్. అక్కడ అంకుడు కర్రని తిప్పుతూ లక్క రంగులు ఎక్కిస్తారు. చెట్ల గింజలు, వేళ్ళు, బెరళ్ళ నుంచి తీసిన రంగులకి పేరున్న ఊరు, 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. బొమ్మలు షోకేస్‌లో ఉంటాయి, పిడి మాత్రం రోజూ చేతికి తగులుతుంది.

హాస్టల్లో ఉన్నవాళ్ళు మాకేంటి అనుకోవద్దు. మనకిచ్చేది ఒక మంచం, ఒక టేబుల్, ఒక అల్మరా. అయినా టేబుల్‌ని కిటికీకి పక్కగా తిప్పితే స్క్రీన్ మీద గ్లేర్ పోతుంది, వెలుతురు పుస్తకం మీద పడుతుంది. మంచం పక్కన ఇంటి నుంచి తెచ్చిన ఒక్క వస్తువు పెట్టుకోండి, ఆన్‌లైన్‌లో కొన్న పోస్టర్ కాదు.

సెలవుల్లో చేయాల్సిన పని

మీ ఊళ్ళో కూడా ఈ సంక్రాంతికి ఉన్న పాత ఇల్లు వచ్చే సంక్రాంతికి ఉండకపోవచ్చు. కూల్చడాన్ని మనం ఆపలేం, చాలాసార్లు ఆపకూడదు కూడా. దాని లాజిక్ మాత్రం రాసిపెట్టుకోవచ్చు. ఒక పూట చాలు.

ఫోన్‌లో కంపాస్ తెరిచి ఇల్లు ఏ దిక్కుకి ఉందో చూడండి. వసారా లోతు, చూరు ఎత్తు, అరుగు ఎత్తు, గోడ మందం టేపుతో కొలవండి. మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఏ చోటు చల్లగా ఉందో కనుక్కోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఏ గంటకి ఎక్కడ కూర్చుంటారో రాయండి. ఇది ఎందుకు ఇలా ఉంది అని ప్రతిదానికీ అడగండి, నవ్వినా పర్లేదు. ఒక్కో భాగాన్ని మీ ఊళ్ళో ఏమంటారో కూడా రాసుకోండి. మేం వసారా అంటాం, కొందరు పంచ అంటారు, ఇంకొందరు చావడి అంటారు. ఇల్లు పోతే ఆ మాటలు కూడా పోతాయి, ఎందుకంటే అపార్ట్‌మెంట్‌లో వాటికి పని లేదు.

ఆ కొలతలూ మాటలూ క్లబ్‌కి పంపిస్తే అన్నీ కలిపి వచ్చే సంచికలో ఒక పట్టిక వేద్దామని ఎడిటోరియల్ టీమ్‌ని అడిగాను, సరే అన్నారు. మా ఇంటివి ముందే ఇచ్చేశాను. వసారా 6 అడుగుల 2 అంగుళాలు, అరుగు ఎత్తు ఒకటిన్నర అడుగు, తూర్పు ముఖం. వాడేవాళ్ళు: నానమ్మ, పక్కింటావిడ, కూరగాయలమ్మి, వీధి పిల్లలు. టైమింగ్స్: నాలుగున్నర నుంచి దీపాలు పెట్టేదాకా.